కూలర్లో కాపురం

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఫిబ్రవరి 16న, అంటే మహాశివరాత్రి మర్నాడు, జాగారం చేసిన ఎర్రటి కళ్లతో మా ఆవిడా, పదింటికే ముసుగుతన్ని పడుకున్న తేటకళ్లతో నేనూ బాల్కనీలోకి వెళ్లేసరికి మా కూలర్లో రెండు గుడ్లున్నాయి. తెల్లగా, చిన్న నిమ్మకాయలంత. పెట్టింది పావురం. పెట్టించింది మాత్రం నేనే.

ఎలాగంటే, నిరుడు జూన్‌లో తొలకరి పడినరోజే మా ఆవిడ చెప్పింది. "ఏమండీ, ఆ కూలర్లో నీళ్లు తీసేసి, గడ్డి పీకేసి, ఒకపూట ఎండలో పెట్టి, పాత దుప్పటి చుట్టేయండి." చెప్పిన పనిలో సగం అప్పటికప్పుడే చేశాను. సగం కూడా కాదులెండి, నీళ్లు పారబోసి ఒకవైపు తలుపు ఊడదీశాను. ఇంతలో ఫోనొచ్చింది. ఎవరు చేశారో గుర్తులేదు గానీ ఆ ఫోను పెట్టేసేసరికి వినాయకచవితి వచ్చింది. దసరాకి అడిగింది. దీపావళికి అడిగింది. సంక్రాంతికి అడగలేదు, ఊరికే చూసింది. ఆ చూపుకి జవాబుగా నా వాదన వినిపించాను. "ఇప్పుడు తుడిచి, చుట్టి, అటకెక్కించామనుకో. ఇంకో నెలకి మళ్లీ దించాలి. ఎక్కించడానికీ దించడానికీ చెల్లుకు చెల్లు. అంచేత అసలు ముట్టుకోకపోవడమే లాభం." ముప్ఫై ఏళ్లు బ్యాంకులో చేసి స్వచ్ఛంద విరమణ పుచ్చుకున్నవాణ్ణి, పద్దుల సంగతి నాకు తెలియదా!

పావురాలకి కూడా ఈ లెక్క నచ్చినట్టుంది. తలుపు లేనివైపు నుంచి లోపలికి దూరి, నిరుటి గడ్డి మీద నాలుగు చీపురుపుల్లలు, ఒక వైరు ముక్క, మా ఆవిడ దీపావళి నుంచి వెతుకుతున్న తలపిన్నూ వేసుకుని గృహప్రవేశం చేశాయి.

"ఇప్పుడేం చేస్తారు?" అంది.

పని తప్పించుకునే అవకాశం, అదీ పుణ్యం కలిసొచ్చేలా, మనిషికి ఎన్నిసార్లు దొరుకుతుంది? గొంతు సవరించుకుని శిబి చక్రవర్తి కథ ఎత్తుకున్నాను. శరణన్న పావురం కోసం ఆ మహానుభావుడు తొడకోసి తక్కెట్లో పెట్టాడు, మనం ఒక్క కూలరు ఇవ్వలేమా అన్నాను.

"శిబి చక్రవర్తయితే కూలరు జూన్‌లోనే కడిగి పెట్టేవాడు" అంది.

మాది నల్లకుంటలో మూడో అంతస్తు. మా కింద ఇంట్లో జువాలజీ చెప్పి రిటైరైన లెక్చరర్ గారున్నారు. మధ్యవర్తిగా ఆయన్ని పిలిచాను. టార్చి వేసి చూసి, "పద్దెనిమిది రోజులకి పిల్లలవుతాయి. అవి ఎగరడానికి ఇంకో నెల పట్టొచ్చు" అన్నారు. అంతటితో ఆగితే బాగుండేది. "ఆ రెట్టలు మాత్రం ఎండి దుమ్మయి ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, నీళ్లు చల్లి తడిపి, చుట్టుపక్కల ఎప్పటికప్పుడు తుడిచేయండి" అని కూడా అన్నారు. ఈ రెండింటినీ కలిపి మా ఆవిడకి నేను చేరవేసిన సారాంశం: "ముట్టుకోకూడదట."

ఇక్కడ మా ఆవిడకీ కూలరుకీ ఉన్న అనుబంధం చెప్పాలి. ఆవిడది బాపట్ల. సముద్రపు గాలికి చొక్కా ఒంటికి అంటుకునే ఊరు. అక్కడ కూలరు పెడితే ఇల్లు ఇడ్లీపాత్ర అవుతుంది, మనుషులు ఇడ్లీలవుతారు. గాలే తడిగా ఉన్నప్పుడు గడ్డిలో నీళ్లు ఇంక ఆవిరెక్కడవుతాయి, చల్లదనం ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని పెళ్లై హైదరాబాదు వచ్చిన కొత్తలో కూలర్ని చూసి నవ్వింది. మార్చి నెల పొడిగాలి ఆ తడిగడ్డిలోంచి దూరి మొహానికి తగిలాక నవ్వడం మానేసి భక్తురాలైంది. అప్పట్నుంచీ ఏటా ఫాల్గుణం సగం గడిచాక, మధ్యాహ్నం భోజనాలయ్యాక, హాల్లో కూలరుకి ఎదురుగా చాప పరుచుకుని ఆ వట్టివేళ్ల వాసనలో గంటసేపు కునుకు తీయడం ఆవిడ హక్కు. బెడ్‌రూంలో ఏసీ ఉంది. పగటిపూట వేస్తే కరెంటు బిల్లు ఏమవుతుందో ప్రతి ఏడూ చెప్పేవాణ్ణి నేనే. అంటే ఆవిడని ఏసీకి దూరం చేసింది నేను, కూలర్ని పావురాలకి ధారపోసిందీ నేను. మిగిలింది తాటాకు విసనకర్ర. దాన్ని ఆవిడ నా ఎదురుగా కూర్చునే విసురుకుంటుంది, గాలి కోసం కాదని చప్పుడులోనే తెలుస్తుంది.

అయినా నేను బద్ధకస్తుణ్ణని మీరనుకోకూడదు. నేను వసంతప్రియుణ్ణి. ఈ కాలంలో మనిషన్నవాడు కూలర్లూ అటకలూ పట్టుకుని కూర్చోకూడదని నా ఉద్దేశం. పొద్దున్నే విద్యానగర్ మీదుగా యూనివర్సిటీ క్యాంపస్‌లోకి నడుస్తాను. నిన్నటిదాకా బోడిగా ఉన్న వేపచెట్టు వారం తిరక్కుండా లేత ఎర్ర చిగుళ్లేస్తుంది. రావిచెట్టు కొత్తాకులు అప్పుడే తోమిన రాగిచెంబులా మెరుస్తాయి. ఊళ్లో రోడ్ల పక్కన టబెబుయా చెట్లు ఆకన్నది లేకుండా నిలువెల్లా గులాబీరంగు పూలతో నిలబడతాయి. అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టు, మనకి ఇంకా తెలుగు పేరు పెట్టుకునే తీరిక చిక్కలేదు. నేను మాత్రం పదేళ్లపాటు దాన్ని "కాగితంపూల చెట్టు" అని నలుగురికీ ధైర్యంగా చూపించాను. ఒకరోజు దాని ఫొటో తీసి చికాగోలో ఉన్న మావాడికి పంపాను, నాలుగు వాక్యాల వసంతవర్ణనతో సహా. వాడు వాకిట్లో మోకాలెత్తు మంచు ఫొటో తిప్పి పంపి కింద ఒకే ముక్క రాశాడు: "నాన్నా, కూలర్ సంగతి అమ్మ చెప్పింది."

హైదరాబాదులో ఈ నెలా నెలన్నర ఒక వింత కాలం. తెల్లవారుజామున దుప్పటి కావాలి, మధ్యాహ్నానికి ఫ్యాను చాలదు. రాత్రి పదింటికి నేను రెగ్యులేటర్‌ని నాలుగులో పెడితే, పన్నెండింటికి ఆవిడ రెండుకి తిప్పుతుంది, రెండింటికి నేను చెమటపట్టి లేచి మళ్లీ నాలుగు చేస్తాను, నాలుగింటికి ఇద్దరం లేచి దోమల్ని తిడతాం. దోమలబ్యాటు పట్టుకుని మంచమెక్కి నేను చేసే విన్యాసాల గురించి రాయను. ట్యూబులైటు ఒకటి పోయింది, అంతవరకు చాలు.

సుఖాలూ ఉన్నాయి. బండ్ల మీద నల్లద్రాక్ష గుత్తులు, సీమచింతకాయలు, ఉప్పూకారం చల్లిన తొలి మామిడిముక్కలు. బండివాడు రుచి చూడమని పెట్టే ద్రాక్షపండు ఎప్పుడూ తేనెలా ఉంటుంది, ఇంటికి తెచ్చిన కిలోలో ఆ పండుకి అన్నదమ్ములుండరు. ఈ కిటుకు నాకు ముప్ఫై ఏళ్లుగా తెలుసు, ముప్ఫై ఏళ్లుగా కిలో కొంటూనే ఉన్నాను. పైగా ఈ ఏడు రంజాన్ కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే వచ్చింది. దాంతో నాకు సాయంత్రం పూట కూడా వాకింగ్ చెయ్యాలన్న ఆరోగ్యస్పృహ కలిగింది. 2010లోనే భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీమ్‌ని, ఆ ఊళ్లోనే ఉంటూ పట్టించుకోకపోవడం బాధ్యతారాహిత్యం కదా. పదో రోజుకి ప్యాంటు బిగుతైంది. పన్నెండో రోజున నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే మా ఆవిడ అక్కణ్ణుంచే గాలి పీల్చి, "క్యాంపస్‌లో చెట్లకి ఈమధ్య వేయించిన ఉల్లిపాయలు కాస్తున్నాయా?" అంది.

కోయిల విషయంలో కూడా నాదే పొరపాటు. తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలుపెడుతుంది. మొదటి రెండురోజులు "ఆహా" అన్నాను, మూడోరోజు తలగడ చెవులమీద పెట్టుకున్నాను. నాలుగోరోజు, ఇద్దరికీ ఎలాగూ నిద్రలేదు కదా అని, నా పరిజ్ఞానం బయటపెట్టాను. "కోయిలమ్మ, కోయిలమ్మ అంటాం గానీ అలా పాడేది మగది, తెలుసా? ఆడదానికి ఆ గొంతే లేదు, కిక్‌కిక్ అంటుందంతే. గుడ్లు తీసుకెళ్లి కాకిగూట్లో పెట్టేస్తుంది. కాకే పొదిగి, తిండిపెట్టి పెంచుతుంది."

చీకట్లో కాసేపు మాట్లాడలేదు. నిద్రపోయిందనుకున్నాను.

"అయితే మగాడు కొమ్మమీద కూర్చుని పాటలు పాడతాడు, చాకిరీ కాకి చేస్తుంది. అంతేగా?" అంది.

అంతే అన్నాను. ఇంకేం చెప్పను!

రెండురోజుల తర్వాత దీనికి అనుబంధం వచ్చింది. ఆవిడ వంటింటి కిటికీలోంచి కూలర్ని గమనిస్తోంది. ఒక పావురం పొద్దున పదింటికల్లా వచ్చి గుడ్లమీద కూర్చుంటుంది. అప్పటిదాకా కూర్చున్నది లేచి తిండికి పోతుంది. మళ్లీ సాయంత్రం నాలుగూ ఐదింటికి అది వచ్చి దీన్ని దింపుతుంది. రోజూ ఇదే వేళ. కింద మాస్టార్ని అడిగితే, పగటిపూట వచ్చేది మగదని చెప్పారట. పిల్లలు పుట్టాక గొంతుసంచిలో ఊరే పాలలాంటి పదార్థాన్ని తల్లీ తండ్రీ ఇద్దరూ పడతాయని కూడా చెప్పారట. ఆయనకి ఇవన్నీ ఎవరు చెప్పమన్నారో!

"పది నుంచి నాలుగు. అచ్చం మీ బ్యాంకు వేళలే. కాకపోతే అది పని చేస్తోంది" అంది మా ఆవిడ.

పోయిన పరువు కొంతైనా తిరిగి తెచ్చుకుందామని మిరపకాయల కాపలాకి నేనే పేరిచ్చాను. పాత గుంటూరు జిల్లా ఆడపడుచుకి కారం బజార్లో పొట్లం కొనడమంటే పుట్టింటికి మచ్చ తేవడమే. ఏటా ఈ రోజుల్లో రంగు కోసం బ్యాడిగి, ఘాటు కోసం తేజ రెండు రకాలూ తెప్పించి, తొడిమలు తీసి, డాబా మీద రెండుమూడు ఎండలు పెట్టి, గిర్నీలో పట్టిస్తుంది. తొడిమలు తీయడంలో నేను సాయం చేశాను. అరగంటకి అదే చేత్తో కన్ను నలుపుకుని ఒక గంట నీళ్లకుండీ దగ్గరే గడిపాను. అది లెక్కలోకి రాదు, ఏటా ఉండేదే.

కాపలా సంగతి వేరు. మా వీధిలో కోతులు తిరుగుతాయి కాబట్టి కర్ర పుచ్చుకుని పైన కూర్చోవాలి. ఆ రోజే పొద్దున నీళ్లట్యాంకరు వచ్చింది. మార్చి వచ్చేసరికి మా బోరు దగ్గడం మొదలుపెడుతుంది, అక్కణ్ణుంచి వానలదాకా మా ఇళ్లన్నిటి బతుకూ 5,000 లీటర్ల ట్యాంకర్ల మీదే. బ్యాంకువాడినని కోశాధికారి పదవి నాకే అంటగట్టారు కాబట్టి ట్యాంకరుకి డబ్బివ్వడం, సంపులోంచి పైట్యాంకుకి మోటారెయ్యడం నా డ్యూటీలు. మోటారేసి, పైకెక్కి, మిరపకాయలు పరిచి, ట్యాంకు నీడలో కుర్చీ వేసుకున్నాను. వేపపూత వాసన మోసుకొస్తూ గాలి. దూరంగా ఎవరింట్లోనో పరీక్షల పిల్లాడు ఒకే పేరాని పైకి చదువుతున్నాడు. ఎదురుగా డాబా అంతా ఎర్రటి తివాచీ. ఇంత అందం చూస్తూ కళ్లు తెరుచుకుని ఉండాలంటే మనిషికి చాలా కఠిన హృదయం కావాలి.

కోతులు రాలేదు. ఆ మాట నేను ప్రమాణం చేసి చెప్పగలను. నన్ను లేపింది కాళ్లకింద చల్లదనం. పైట్యాంకు నిండి, పొర్లి, కొనుక్కున్న నీళ్లు డాబా మీద కాలువ కట్టి, బ్యాడిగినీ తేజనీ భేదం చూడకుండా కలుపుకుని తూము వైపు సాగుతున్నాయి. అప్పటికే కింద మూడంతస్తుల వాళ్లూ గొట్టంలోంచి దూకే నీళ్లు చూసి వీధిలోకొచ్చి నన్ను పేరుపెట్టి పిలుస్తున్నారు. వాచ్‌మన్ పరుగెత్తి మోటారు కట్టేసి పైకొచ్చాడు. నన్నూ మిరపకాయల్నీ మార్చిమార్చి చూసి, "సార్, కర్ర కోతులకా, మీకా?" అన్నాడు. మంచి మనిషి, పదకొండేళ్ల నుంచీ ఉన్నాడు, ఎప్పుడూ ఎదురు మాట్లాడి ఎరగడు.

ఆ ట్యాంకరు డబ్బు నా జేబులోంచి కట్టాను. మిరపకాయలకి ఇంకో మూడు ఎండలు పట్టింది. ఈసారి కాపలా మా ఆవిడే కాసింది. కారం పట్టించడానికి గిర్నీకి మాత్రం నన్నే పంపింది. అక్కడ గంటసేపు వరసలో నిలబడి, నలభై తుమ్ములు తుమ్మి, ముక్కూ కళ్లూ ఒకే రంగులో ఇంటికొచ్చాను. ఆవిడ నా మొహం చూసి మొదటిసారి కాస్త శాంతించినట్టు కనపడింది.

ఉగాది మార్చి 19న. ముందురోజు ఆవిడ చేతిలో సంచీ పెట్టి, కొత్త చింతపండు, కొత్త బెల్లం, మామిడికాయ, వేపపువ్వు అని చెప్పింది. మొదటి మూడూ సరే. వేపపువ్వు దగ్గర నాలోని పల్లెటూరివాడు లేచాడు. మాది ఖమ్మం దగ్గర పల్లె, మా వాకిట్లో వేపచెట్టు కింద మంచమేసుకుని పెరిగినవాణ్ణి. గుప్పెడు పువ్వు ప్లాస్టిక్ కవర్లో కట్టి ఇరవై రూపాయలంటే కొంటానా? రేపు తెల్లారే చెట్టుకింద నుంచి తాజాగా ఏరుకొస్తానన్నాను. "చీకట్లోనా?" అంది. "చెట్టు నాకు తెలుసు" అన్నాను.

కోయిలే లేపింది, ఆ మేరకి దానికి రుణపడ్డాను. కళ్లజోడు ఇంట్లోనే మరిచిపోయాను. సందు చివర, లైటు వెలగని స్తంభం పక్కన, చెట్టుకింద నేలంతా పూలు. వంగి వంగి ఒక సంచీడు ఏరాను. పాల ప్యాకెట్ల కుర్రాడు సైకిలాపి చూసి, ఏమనుకున్నాడో ఏమో, చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయాడు. నడుము పట్టేసినా విజయగర్వంతో ఇంటికొచ్చి సంచీ వంటింటి గట్టుమీద కుమ్మరించాను.

మా ఆవిడ లైటేసింది. ఒక పువ్వు తీసి వేళ్లమధ్య తిప్పింది. చిక్కుడుపువ్వు ఆకారంలో, కొంచెం ఊదా కలిసిన తెలుపులో ఉంది.

"కానుగపూలు" అంది.

వేపపువ్వు చిన్న తెల్లటి నక్షత్రంలా ఉంటుందని బళ్లో చదవని పిల్లలకి కూడా తెలుసు. నేనేం మాట్లాడలేదు. ఆవిడ ఫ్రిజ్ తెరిచి, నిన్న సాయంత్రమే కూరల బండి దగ్గర తను కొని దాచిన కవరు తీసింది. అందులో వేపపువ్వు. "మీరు వాకింగ్‌కి వెళ్లినప్పుడు కొన్నాను. ఇరవై కాదు, పది" అంది. ఈ ఏడు మా ఇంట్లో పచ్చడిలో చేదు ఎవరి వంతుకి ఎక్కువొచ్చిందో వేరే చెప్పాలా!

సాయంత్రం గుళ్లో పంచాంగశ్రవణం. కొత్త సంవత్సరం పేరు పరాభవ. అరవై ఏళ్ల చక్రంలో తిరిగి తిరిగి ఆ పేరు మళ్లీ వచ్చింది. క్రితంసారి వచ్చింది 1966లో. ఆ ఏడే నేను పుట్టాను. అంటే ఈ ఏడు నాకు షష్టిపూర్తి. పంతులుగారు ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు చదువుతుంటే నేను నా రాశి వచ్చేముందే చెప్పులు వెతుక్కునే మిషతో బయటికొచ్చేశాను. దారిలో మా ఆవిడ, "మిమ్మల్ని కని మీ అమ్మగారు పేరు కోసం అంత వెతికారని చెప్పేవారు. పంచాంగంలో ఉన్నదే పెట్టాల్సింది" అంది.

కూలరు దగ్గరికొద్దాం. మార్చి మొదటి వారంలోనే గుడ్లు పగిలాయి. పుట్టినప్పుడు ఆ పిల్లల్ని చూసి ముద్దాడాలనిపించేంత దయ శిబి చక్రవర్తికి కూడా ఉండదు. పచ్చటి నూగుతో, మూసిన కళ్లతో, మొహానికి మించిన ముక్కుతో ఉంటాయి. రెండు వారాలకి ఈకలొచ్చాయి. మూడు వారాలకి మనిషి దగ్గరికెళితే మెడ సాచి ముక్కు టకటకలాడించి బెదిరిస్తున్నాయి. ఇంట్లో వాటి పెంపకం కన్నా నా శిక్షణ ఎక్కువ జరుగుతోంది. మా ఆవిడ వీధిలో కూలరుగడ్డి అమ్మేవాడిని ఆపి మూడువైపులకీ కొత్త గడ్డి కొని గోడకి ఆనించింది. క్యాలెండరులో ఏప్రిల్ 5 చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టింది. బకెట్టు, కొబ్బరిపీచు, బ్లీచింగ్ పొడి, ముక్కుకి కట్టుకునే మాస్కు ఒకదాని పక్కన ఒకటి బాల్కనీ తలుపు దగ్గర పేర్చింది. మాస్టారు చెప్పిన రెండో సగం ఆవిడకి ఎప్పుడో చేరింది. నేను బాత్రూముకెళ్లాలన్నా ఆ బకెట్టు దాటుకునే వెళ్లాలి.

ఇంతవరకు చెప్పినవన్నీ పొరపాట్లు. ఇప్పుడు చెప్పేది అసలు నేరం. ఆ పిల్లలు రోజురోజుకీ బలుస్తుంటే నాకు దిగులు పట్టుకుంది. రెక్కలు విదిలించినప్పుడల్లా గుండె జారింది. ఇంకొన్నాళ్లు బొద్దుగా, చేతకాకుండా, ఎగరలేకుండా ఉంటే బాగుణ్ణని లోలోపల మొక్కుకున్నాను.

శ్రీరామనవమి మర్నాడు, ముందురోజు మిగిలిన పానకం తాగుతుంటే హాల్లోంచి విసనకర్ర చప్పుడు ఆగింది. "ఏమండీ, ఓసారి చూసి రండి, ఎంతవరకు వచ్చాయో" అంది. గ్లాసు పట్టుకునే వెళ్లాను. మగది డ్యూటీలో ఉంది, కానీ ఎప్పుడూ కూర్చునే చోట లేదు. పిల్లలు రెండూ ఈ మూల ముడుచుకుని ఉన్నాయి. అది అవతలి మూల, పంపు పక్కన, రెక్కలు పరుచుకుని కూర్చుంది. నన్ను చూసి కాస్త పక్కకి జరిగింది.

దాని కాళ్లమధ్య రెండు కొత్త గుడ్లు.

గుండెలమీంచి కూలరు దించినట్టయింది.